విరిచినవాడే తీయాలి

ఆ తేదీ మేస్త్రికి ఇప్పటికీ గుర్తే. మార్చి పధ్నాలుగు. క్యారియర్ పై గిన్నెలో కోడిగుడ్ల కూర, మధ్య గిన్నెలో పెరుగు, అడుగున అన్నం. భార్య పోయినప్పటి నుంచి మధ్యాహ్నం క్యారియర్ చెల్లెలి ఇంటినుంచే వస్తుంది. ఆమె రెండు క్యారియర్లు సర్దుతుంది, ఒకటి అన్నకి, ఒకటి మొగుడికి. ఇద్దరూ ఒకే షెడ్డులో పని. అన్న గిన్నెలో రెండు గుడ్లు ఉంటాయి, మొగుడి గిన్నెలో ఒకటే. మేస్త్రి ఆ సంగతి ఎప్పుడో గమనించాడు. గమనించి ఊరుకున్నాడు.

రెండో ముద్ద నోట్లో పెట్టుకున్నాడో లేదో, షెడ్డు లోపల టప్పుమంది.

పానా జారితే ఒక చప్పుడు, సుత్తి పడితే ఒక చప్పుడు. ఇది అవేవీ కాదు. ఎండుపుల్ల విరిగినట్టు పొడిగా, పొట్టిగా వినిపించింది. ముప్పై ఏళ్ళు ఇంజిన్ల మధ్య బతికినవాడికి అది ఏమిటో ఎవరూ చెప్పక్కర్లేదు. ముద్ద నమలకుండా ఆగాడు. కాసేపటికి మళ్ళీ అదే చప్పుడు.

ఎంగిలి చేత్తోనే లేచి వెళ్ళాడు.

టాక్సీ ఇంజిన్ మీద చెల్లెలి మొగుడు వంగి ఉన్నాడు. అతన్ని షెడ్డులో అందరూ కొవ్వొత్తి అంటారు. బిగుసుకుపోయిన బోల్టు కనిపిస్తే చాలు, జేబులోంచి కొవ్వొత్తి ముక్క తీసి, బోల్టుని కాస్త వేడి చేసి మైనం కరిగిస్తాడు. మైనం బోల్టు మీది మరల సందుల్లోకి పాకి బోల్టుని వదులు చేస్తుందని అతని నమ్మకం. ఇంజిన్ నూనెలో నీళ్ళు కలుస్తున్నాయంటే ఆ పూట పైమూతలా ఉండే హెడ్డు విప్పుతున్నాడు. పది బోల్టుల్లో ఎనిమిది వచ్చాయి. రెండు తెగాయి. ఒకటి కింది బ్లాకు మీద వేలెడు మొండెం మిగిల్చి తెగింది. పక్కది బోల్టు గుంత లోపలే తెగిపోయింది, చూస్తే చీకటి తప్ప ఏమీ కనిపించదు.

టాక్సీ డ్రైవరు బల్ల మీద నుంచి లేచొచ్చి గుంతలోకి తొంగి చూశాడు. అది అతను నిరుడు వేరేవాళ్ళ దగ్గర పాతది కొన్న బండి. బండి తిరిగితేనే ఇల్లు తిరుగుతుంది. "కడుపు కోసి, లోపల కత్తెర విరిగిందంటారేంటండీ" అన్నాడు. నవ్వించడానికి అన్నాడో ఏడవలేక అన్నాడో తెలియలేదు.

కొవ్వొత్తి తలెత్తలేదు. వచ్చిన బోల్టుల్నీ తెగిన తలల్నీ ఒక రేకు పళ్ళెంలోకి ఏరుతున్నాడు. ఒక్కొక్కదాన్నీ థిన్నర్‌లో ముంచిన గుడ్డతో తలమీద రుద్దిరుద్ది తుడుస్తున్నాడు. ఆ సమయంలో చేసే పని కాదది. మేస్త్రికి ఒళ్ళు మండింది.

"విరిచింది చాలక స్నానాలు కూడా చేయిస్తున్నావా. పానాకి అంత పొడుగు పైపు తొడిగి లాగితే అది బోల్టా, ఏనుగు గొలుసా. తేలు కుట్టిన దొంగలా నోరు మెదపవేం?"

"నిదానంగానే లాగాను బావా. బిగుసుకుపోయి ఉంది" అన్నాడు కొవ్వొత్తి.

"ఆడలేక మద్దెల ఓడన్నాడట నీలాంటివాడే."

డ్రైవరు నవ్వాడు. ఆ నవ్వు మేస్త్రికి కూరలో ఉప్పులా సరిగ్గా సరిపోయింది. ఇంకో రెండు మాటలు కలిపాడు. చేతులున్నవాడల్లా మేస్త్రి అయిపోడన్నాడు, జేబులో మైనం ముక్క వేసుకు తిరిగితే ఇనుము భయపడదన్నాడు. గోడ పట్టుకుని నడుస్తూ పెద్దాయన వచ్చేసరికి చెప్పవలసిందంతా చెప్పేసి ఉన్నాడు.

పెద్దాయన షెడ్డు యజమాని. కళ్ళకి పొర కమ్మి, ఎదుటి మనిషిని గొంతు బట్టి గుర్తుపడుతున్నాడు. వచ్చే నెలనుంచి ఇక రానని, తాళాలు ఎవరికో ఒకరికి ఇచ్చేస్తానని అప్పటికే చెప్పాడు. ఆ ఒకరు ఇద్దరిలో ఎవరన్నదే అందరూ అనుకుంటున్న మాట. మేస్త్రి చెయ్యి పెద్దది, నోరు ఇంకా పెద్దది. కొవ్వొత్తిది నిదానం చెయ్యి, బండ్లవాళ్ళు అతన్నే అడుగుతున్నారు ఈ మధ్య.

ఆ షెడ్డులో ఒక కట్టుబాటు ఉంది. బోల్టు ఎవడు విరిస్తే వాడే తీయాలి. తీసేదాకా ఇంకో పని ముట్టుకోకూడదు, ఇంకొకడు దానిమీద చెయ్యి వేయకూడదు. బయటివాళ్ళకి అది శిక్షలా కనిపిస్తుంది. నిజానికి మర్యాద. నీ తప్పు నువ్వు దిద్దుకోగలవని నలుగురూ పక్కకి తప్పుకుని చోటివ్వడం.

పెద్దాయన బ్లాకు మీద చెయ్యి వేసి తడిమి, మొండెం తగలగానే చెయ్యి తీసేశాడు. "మేస్త్రీ, ఇది నువ్వు తియ్యి" అన్నాడు. తర్వాత కొవ్వొత్తి ఉన్నవైపు మొహం తిప్పి, బ్లాకు దక్కితే పనిలో ఉంటావు, మరలు పాడై బ్లాకు పోతే ఇంటికి పోతావు, ఈలోపు బండ్లు కడుగు అన్నాడు.

కొవ్వొత్తి గుడ్డ ముక్క మడిచి పక్కన పెట్టి, నీళ్ళ గొట్టం ఉన్నవైపు వెళ్ళాడు. మేస్త్రి తిరిగొచ్చి కూర్చుని రెండో గుడ్డు కూడా తిన్నాడు.

సాయంత్రం చెల్లెలు తనే మేస్త్రి ఇంటికి వచ్చింది. రొట్టెల గిన్నె బల్లమీద పెట్టి, వంటింట్లో ఒలికిన నీళ్ళు తుడిచి, గుమ్మం దగ్గర ఆగింది. మొగుడు చెప్పాడో, ఇంకెవరైనా చెప్పారో. వాళ్ళాయన్ని వెనకేసుకు రాలేదు, అన్నని తప్పు పట్టలేదు.

"వస్తుందా అన్నయ్యా?" అని మాత్రం అడిగింది.

వస్తుందని అతనికి తెలుసు. ఇంతకన్నా మొండివాటిని తీశాడు. ఆ ఒక్కమాట అంటే ఆమె ఆ రాత్రి నిద్రపోయేది.

"చూద్దాం" అన్నాడు.

*

మొండెం బయటికున్న బోల్టు తేలికది. దాని మీద మేస్త్రి మర్నాడు పొద్దున్నే కూర్చున్నాడు. ముందు తన అలవాటు ప్రకారం ఖాళీగా ఉన్న ఎనిమిది గుంతల్లోనూ గుడ్డ పీలికలు మెలిపెట్టి కూరాడు. పని చేసేటప్పుడు ఇనుప రజను లోపల పడకుండా ఉండడానికి. మునుపు ఆ పీలికలు ఇంటినుంచి వచ్చేవి. పాత దుప్పటి చింపి, అన్నీ ఒకే వెడల్పున కత్తిరించి, దారంతో కట్ట కట్టి ఇచ్చేది భార్య. ఇప్పుడు సంచుల లెక్కన కొన్న గుడ్డలు. ఒకటి సన్నం, ఒకటి లావు, ఒకదానికి గుండీ కూడా ఉంటుంది.

మొండెం మీద ఒక నట్టు బోర్లించి, దాని నడుమ వెల్డింగు పోశాడు. నట్టూ మొండెమూ ఒకటైపోయాయి. ఎర్రగా కాలిన ఇనుము నల్లబడేదాకా ఆగాలి. తొందరపడితే మళ్ళీ తెగుతుంది. ఆగుతూ తల తిప్పితే బయట కొవ్వొత్తి ఒక చక్రం కడుగుతున్నాడు. చక్రానికి బురద ఎప్పుడో పోయింది. అయినా కడుగుతున్నాడు.

పానా వేసి కొద్దిగా ముందుకి, కొద్దిగా వెనక్కి కదిపాడు. కదిలినట్టే కదిలి ఆగిపోయింది. మళ్ళీ వేడి చేశాడు. నూనె పోశాడు. ఇనుము చుట్టూ పొగ లేచింది గాని మర ఒక్క చుట్టు కూడా తిరగలేదు. మధ్యాహ్నందాకా అదే వరస. డ్రైవరు మాత్రం ఊరికే ఉండలేక, తన తాత పన్ను కూడా ఇలాగే పీకించుకున్నాడని, చివరికి పన్ను ఉంది, తాత పోయాడని చెప్పి తనే నవ్వుకున్నాడు.

మేస్త్రి చెయ్యి కడుక్కుని వచ్చేసరికి బ్లాకు అంచున ఒక కొవ్వొత్తి ముక్క పెట్టి ఉంది. బొటనవేలంత. దగ్గర్లో ఎవరూ లేరు. నీళ్ళ గొట్టం దగ్గర వంచిన వీపు ఒకటి కనిపించింది.

మేస్త్రి ముక్కని ఒకవైపు తోసి ఇంకోసారి నూనె పోశాడు. తర్వాత డ్రైవరు టీకి వెళ్ళిన సమయం చూసి, బోల్టు వేడి చేసి, మైనం అంటించాడు. అది గుటుక్కున కరిగి, దాహం వేసినదానిలా మరల్లోకి దిగిపోయింది. పానా వేస్తే కీచుమని చుట్టు తిరిగింది. ఇంకో చుట్టు. మొండెం చేతిలోకి వచ్చింది. ఒకవైపంతా తుప్పుపట్టి సగానికి తినేసినట్టుంది.

డ్రైవరు తిరిగొచ్చి ఎలా వచ్చిందని అడిగితే, అనుభవం అన్నాడు మేస్త్రి. మిగిలిన మైనం ముక్క జేబులో వేసుకున్నాడు.

*

గుంతలో తెగినదానికి చెయ్యి కాదు, ఓపిక కావాలి. లోపలి బోల్టుకి సరిగ్గా నడిమధ్యన రంధ్రం వేయాలి. వెంట్రుకవాసి పక్కకి పోయినా డ్రిల్లు మెత్తటి బ్లాకుని తొలిచేస్తుంది. మరలు పోతాయి. మరలు పోతే బ్లాకు పోతుంది, బ్లాకుతోపాటు చెల్లెలి మొగుడి పని.

డ్రిల్లు తూలకుండా మేస్త్రి లేతు మిషను మీద ఒక చిన్న గొట్టం తీశాడు. బయట గుంతకి సరిపోయేంత, లోపల సన్నటి డ్రిల్లు పట్టేంత. దాన్ని గుంతలో దించి, డ్రిల్లు కొసకి గ్రీజు పూసి, నిదానంగా తొలిచాడు. కాస్త తొలవడం, పైకి లాగడం, గ్రీజుకి అంటిన ఇనుప పొట్టుని తుడవడం, మళ్ళీ పూయడం. రెండు రోజులు దాని మీదే గడిచాయి. ఆ రెండు రోజులూ క్యారియర్ వేళకే వచ్చింది. కూర మారింది గాని వడ్డన మారలేదు. మాంసం వండిన రోజు మెత్తటి ముక్కలు తన గిన్నెలోనే ఉన్నాయి. మేస్త్రి తింటుంటే కొవ్వొత్తి అవతలి మెట్టు మీద కూర్చుని తన గిన్నె ఖాళీ చేసి, రెండు గిన్నెలూ కలిపి కడిగి ఎండలో బోర్లించేవాడు. అతను పలకరిస్తే బావుండునని మేస్త్రికి ఒకసారి అనిపించింది. వెంటనే, పలకరించవలసింది తను కదా అని కూడా అనిపించింది. రెండూ పక్కన పెట్టి చేతులు తుడుచుకున్నాడు.

రంధ్రం చాలినంత లోతు దిగాక, ఎడమవైపు తిరిగే మరలున్న ఉక్కు ముక్కని అందులో దించి బిగించాడు. అది ఎంత బిగిస్తే అంతగా లోపలి బోల్టుని విప్పుతుంది. అది విరిగితే మాత్రం అంతే సంగతులు, ఏ డ్రిల్లూ దాన్ని తినదు. బ్లాకు చుట్టూ మంట తిప్పి, జేబులోని మైనం పోసి, శ్వాస బిగబట్టి తిప్పాడు. చేతికి మెత్తగా తగిలింది. కదిలింది. చుట్టు చుట్టుకీ నల్లటి తుప్పు పొడి పైకి తోసుకుంటూ, తెగిన ముక్క చీకట్లోంచి లేచి వచ్చింది.

అప్పుడు షెడ్డులో ఎవరూ లేరు. డ్రైవరు టీకి, పెద్దాయన గదిలోకి, కొవ్వొత్తి బయటికి.

మరలు బాగు చేసే ముందు లోతు చూడాలి. పక్క గుంతలో తీగ దించి గుర్తు పెట్టుకున్నాడు. ఈ గుంతలో దించితే గుర్తు దాకా దిగలేదు. అర అంగుళం ముందే ఏదో అడ్డం. రాయి కాదు, ఇనుము కాదు, పొడిస్తే మెత్తగా ఉంది. తీగ కొస వంచి కొక్కెం చేసి గెలికి లాగాడు. నల్లగా, గట్టిగా, మాత్ర బిళ్ళలా ఒకటి ఊడి వచ్చింది.

కిరోసిన్ మూతలో వేశాడు. వేలితో నొక్కుతుంటే పొరలు పొరలుగా విచ్చుకుంది. మెలిపెట్టిన గుడ్డ. ఇంకొంచెం విప్పితే నలుపు కింద ఒక నీలిచార కనిపించింది. దాని పక్కన సన్నగా తెల్లచార. అంచు కత్తెరతో తిన్నగా కత్తిరించి ఉంది.

ఆ దుప్పటిలో మిగిలిన సగం ఇప్పటికీ అతని వంటింటి కిటికీకి వేలాడుతోంది.

మేస్త్రి స్టూలు మీద కూర్చున్నాడు. ఎవరూ చెప్పక్కర్లేకుండా అంతా వరసగా అర్థమైంది. గుంతలో కూరిన పీలిక తీయడం మరిచి బోల్టు బిగించారు. బోల్టు గుడ్డ మీద ఆగింది, హెడ్డుని పట్టలేదు. ఆ పక్కనుంచే హెడ్డు కింది గ్యాస్కెట్టు నీళ్ళు వదిలింది. నీళ్ళకి ఈ బోల్టూ పక్కదీ లోపలే కుళ్ళాయి. ఏ చెయ్యి విప్పినా తెగేవే. నీలిచారల పీలికలు వాడింది ఈ షెడ్డులో ఒక్కడే.

లేచి బల్ల కింది రేకు పళ్ళెం లాగాడు. షెడ్డులో ఇంకో పద్ధతి ఉంది. బోల్టు బిగించినవాడు దాని తలమీద తన రంగు గీత పెడతాడు, మళ్ళీ విప్పేవాడికి తెలియడానికి. కొవ్వొత్తిది తెలుపు, మేస్త్రిది ఎరుపు. పళ్ళెంలో బోల్టు తలలన్నీ శుభ్రంగా మెరుస్తున్నాయి. ఒక్కదాని అంచు కింద, గుడ్డ కొస అందని చోట, గోటితో గీస్తే ఊడేంత ఎరుపు మిగిలి ఉంది.

థిన్నర్ గుడ్డ, వంచిన తల, రుద్దిరుద్ది తుడవడం. స్నానాలు చేయిస్తున్నావా అని తను అన్న మాట.

ఈ ఇంజిన్ తను కట్టినప్పుడు బండి తెల్లది. ఇప్పుడు బూడిదరంగు. అందుకే తను పోల్చుకోలేదు.

గుడ్డ పీలికని పిండి, మడిచి, చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

*

మరలు శుభ్రం చేయడం అయ్యాక పెద్దాయన వచ్చాడు. కళ్ళని నమ్మడం మానేసినవాడు కనుక, చిటికెన వేలు గుంతలో దించి చుట్టూ తిప్పాడు. చాలాసేపు తిప్పాడు. మొహం విచ్చుకుంది. కొత్త మరల్లా ఉన్నాయన్నాడు. డ్రైవరు మేస్త్రి రెండు చేతులూ పట్టుకుని ఊపేశాడు. కొవ్వొత్తి గుమ్మం దగ్గరే ఆగాడు, తడి చేతులు ప్యాంటుకి తుడుచుకుంటూ.

"తప్పు వాడిది కాదు పెద్దాయనా" అన్నాడు మేస్త్రి.

తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. "బోల్టులు లోపలే కుళ్ళిపోయాయి. ఎవరు విప్పినా తెగేవే."

అంతవరకు నిజం. ఇంకో మాట మిగిలి ఉంది. చెయ్యి జేబు దాకా వెళ్ళింది.

పెద్దాయన నవ్వాడు. "చెల్లెలి మొగుడాయె, నువ్వు కాక ఎవడు వెనకేసుకొస్తాడు. నాలుగు రోజులు వాడి తప్పు నీ నెత్తినేసుకుని దిద్దావు, ఇప్పుడు వాడి మాట కూడా నువ్వే పడుతున్నావు. చూశావటయ్యా, మనిషంటే ఇలా ఉండాలి" అని డ్రైవరుతో అన్నాడు.

డ్రైవరు తలూపాడు. జేబు దాకా వెళ్ళిన చెయ్యి ఒక క్షణం అక్కడ ఆగింది. ఇంకో జేబులోకి మారి రుమాలుతో బయటికొచ్చింది. మేస్త్రి నుదురు తుడుచుకున్నాడు.

ఆ తర్వాతవి పెద్దాయన అక్కడే నిలబడి తేల్చేశాడు. కొవ్వొత్తి పనిలో ఉంటాడు, బావ మొహం చూసి. కాని ఇంజిన్ ముట్టుకోకూడదు. చక్రాలు, కడగడం, నూనె మార్చడం, అంతవరకే. తాళాలు మేస్త్రివి. నడుముకి కట్టుకున్న గుత్తి విప్పి, చెయ్యి ఎక్కడుందో తడిమి పట్టుకుని, అరచేతిలో పెట్టి వేళ్ళు మూశాడు. గుత్తి వెచ్చగా ఉంది, ఆయన ఒంటి వేడి.

ఎన్నాళ్ళనుంచో కోరుకున్నది. పుచ్చుకుంటే చేతికి బరువు తెలియలేదు.

కొవ్వొత్తి "సరేనండీ" అన్నాడు. వెళ్ళి నీళ్ళ గొట్టం చుట్టచుట్టి మేకుకి తగిలించాడు.

*

ఆ సాయంత్రం చెల్లెలు భోజనానికి ఇంటికే రమ్మని కబురు చేసింది. రెండు గదుల ఇల్లు. ఒక గదిలో మంచం, ఇంకో గదిలో పొయ్యి, నలుగురు కూర్చునేంత చాప. ఆమె కోడిగుడ్ల కూర చేసింది. అన్న కంచంలో రెండు వేసి, చేతులు చెంగుకి తుడుచుకుంటూ పక్కన నిలబడింది.

"నువ్వు తీశావు కాబట్టి సరిపోయింది అన్నయ్యా. లేకపోతే ఈపాటికి మేం వీధిన పడేవాళ్ళం" అంది. "వదిన ఉంటే ఎంత మురిసిపోయేదో."

కొవ్వొత్తి తన కంచంలోకే చూస్తూ తింటున్నాడు. రోజంతా సబ్బునీళ్ళలో నాని వేళ్ళ కొసలు ముడతలు పడ్డాయి. ఆ చేతులకి గ్రీజు మరక లేకపోవడం చూడ్డానికి ఏదోలా ఉంది. గుడ్లలో ఒకటి తీసి అతని కంచంలో వేద్దామని మేస్త్రికి అనిపించింది. ఏమని వేస్తాడు. చిదిమి, అన్నంలో కలిపి, తినేశాడు.

వెళ్ళేటప్పుడు గుమ్మం దాకా కొవ్వొత్తి ఒక్కడే వచ్చాడు. లోపల చెల్లెలు గిన్నెలు కడుగుతున్న చప్పుడు. మేస్త్రి చెప్పులు వేసుకున్నాడు, విప్పాడు, మళ్ళీ వేసుకున్నాడు.

"ఎరుపు ఎందుకు తుడిచావు?" అని అడిగాడు.

కొవ్వొత్తి తలుపు చెక్కమీద లేచిన పెచ్చు ఒకటి గోటితో అణిచాడు.

"ఆ బండి ఇంజిన్ నువ్వు ఎప్పుడు కట్టావో నాకు గుర్తుంది బావా. అక్కని ఆసుపత్రిలో పెట్టిన వారం. పగలు ఇక్కడ, రాత్రి అక్కడ. నిలబడే నిద్రపోయేవాడివి. ఆ వారం నువ్వేం బిగించావో నీకు మాత్రం ఏం తెలుసు."

"నాతో ఒక్కమాట అనకపోయావా."

"అందామనే అనుకున్నాను. నువ్వు ఎంగిలి చేత్తో వచ్చి మొదలుపెట్టావు. డ్రైవరు నవ్వుతున్నాడు. ఇంక అప్పుడేం అంటాను."

కోపంతో అని ఉంటే తేలికగా ఉండేది. కూరలో ఉప్పు తక్కువైందన్నట్టు అన్నాడు. మేస్త్రి జేబులో ఒకవైపు గుత్తి, ఇంకోవైపు మడిచిన పీలిక. కిరోసిన్ వాసన తనకే కొడుతోంది.

"రేపు పెద్దాయనతో చెప్తాను" అన్నాడు.

కొవ్వొత్తి అతని మొహంలోకి చూశాడు. నాలుగు రోజుల్లో సూటిగా చూడడం అదే మొదలు. నమ్మినట్టూ లేదు, నమ్మనట్టూ లేదు. విప్పబోయే బోల్టుని, వస్తుందా తెగుతుందా అని చూసే చూపు.

"చెబుదువులే బావా" అన్నాడు. "మెట్టు దగ్గర చూసుకుని దిగు, అక్కడ పెంకు లేచింది."

లోపలినుంచి చెల్లెలు, అన్నయ్య వెళ్ళాడా అని అడిగింది. వెళ్తున్నాడు అని చెప్పాడతను. మేస్త్రి మెట్టు దిగి, రెండడుగులు వేసి, ఏదో అనడానికి వెనక్కి తిరిగాడు. గడియ చప్పుడు కాకుండా వేలు అడ్డం పెట్టి, కొవ్వొత్తి నెమ్మదిగా తలుపు వేసేస్తున్నాడు.